మిద్దె మెట్లెక్కే మౌంటు: గ్రహాల ఫోటోలకు తేలికైనది సరిపోతుందా?

ముందే చెప్పేస్తా. మౌంటు అంటే టెలిస్కోపుని మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే యంత్రం, గ్రహాల ఫోటోలకే అయితే తేలికైనది సరిపోతుంది. నెల్లూరు లాంటి ఊళ్లో ఉండేవాళ్లకైతే బరువైన దానికన్నా ఇదే మేలు. నెబ్యులాలకి, గెలాక్సీలకి కూడా ఇదే మాట చెప్పను, ఆ లెక్కలు వేరు.

నా దగ్గరుండేది సెలెస్ట్రాన్ సి8 టెలిస్కోపు. 203 మిల్లీమీటర్ల అద్దం, 2032 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, ట్యూబు ఒక్కటే ఐదున్నర కిలోల పైన తూగుతుంది. వెనక బొమ్మని రెండింతలు చేసే బార్లో లెన్సు, 2.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న చిన్న కలర్ కెమెరా. ఇదంతా ఇంతకుముందు స్కైవాచర్ ఈక్యూ6-ఆర్ అనే బరువైన మౌంటు మీద ఉండేది, 2023 ఎండాకాలంలో జడ్‌డబ్ల్యూఓ ఏఎం5 అనే తేలిక మౌంటుకి మార్చాను. పాతది చెడ్డ మౌంటు కాదు, చాలా మంచిది, దాని మీద ఈ ట్యూబు రాయిలా కూర్చునేది. కాకపోతే తలకాయ 17 కిలోల పైన, ట్రైపాడ్ ఏడున్నర, ట్యూబుకి సరితూగడానికి అవతల తగిలించే బరువులు రెండు కలిపి పది, వెరసి 35 కిలోలు. మా అపార్టుమెంటులో లిఫ్టు పై అంతస్తు దాకానే, మిద్దెకి మెట్లే గతి. విడి విడిగా మోసుకెళ్లి బిగించేసరికి చెమటతో చొక్కా తడిసి, ఫోకస్ చూసుకునే ఓపిక ఉండేది కాదు. ఎదురింటి పెద్దాయన అయితే చూసినప్పుడల్లా "ఏందబ్బయ్యా, మళ్లీ మోస్తా ఉండావా" అనేవాడు. ఏఎం5 తల ఐదు కిలోలు, దాని కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ రెండున్నర కిలోల లోపే. ఒక చేత్తో మౌంటు, ఇంకో చేత్తో ట్యూబు సంచి పట్టుకుని ఒకే విడతలో పైకి పోవచ్చు.

మోత తగ్గింది కాబట్టి సుఖం అన్నంత వరకైతే ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు సంగతి మన వానలు. మనకి వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. గురుడు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కుకి వచ్చి పెద్దగా కనబడిన రోజులు చూడండి: 2022లో సెప్టెంబరు 26, 2023లో నవంబరు 3, 2024లో డిసెంబరు 7. అంటే బంగాళాఖాతంలో అల్పపీడనం ఎప్పుడు పుడుతుందా అని మనం టీవీ ముందు కూర్చునే రోజులే. 2023 డిసెంబరులో గురుడు రోజూ సాయంత్రానికే పైకొచ్చి ఉండేవాడు, మనకేమో మిగ్‌జాం తుఫాను, 5వ తారీఖున బాపట్ల దగ్గర తీరం దాటేదాకా ఆకాశం అన్నదే లేదు. అట్లాంటి కాలంలో దొరికేవి రాత్రంతా తెరిపి ఉండే రోజులు కావు, రెండు వాన విడతల మధ్య దొరికే గంటో గంటన్నరో. ఆ గంటన్నర కోసం 35 కిలోలు మిద్దె ఎక్కించి, మౌంటు ఇరుసుని ధ్రువం వైపు సరిచూసుకుని, చినుకు పడగానే మళ్లీ దించడం ఎవరి వల్లా కాదు, నేనైతే చాలాసార్లు కిటికీలోంచి చూసి ఊరుకున్నా. తేలిక మౌంటుతో పది నిమిషాల్లో రికార్డింగు మొదలవుతుంది, చినుకు పడితే ట్యూబుతో సహా ఎత్తుకుని మెట్ల గదిలోకి వచ్చేయొచ్చు. నా గురుడి ఫోటోల్లో బాగున్నవి ఎక్కువ భాగం ఈ వాన సందుల్లో తీసినవే.

ఇప్పుడు అందరూ అడిగేది. ఈ రకం మౌంట్లలో స్ట్రెయిన్ వేవ్ గేర్లు ఉంటాయి కదా, వాటి పీరియాడిక్ ఎర్రర్, అంటే గేరు తిరిగే ప్రతి చుట్టులో వచ్చే ఊపు, ఎక్కువ కదా, బొమ్మ చెడిపోదా అని. ఎర్రర్ ఎక్కువే, కంపెనీ వాళ్లే రాసుకున్నారు: అటు ఇరవై, ఇటు ఇరవై ఆర్క్ సెకన్ల (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) లోపు, ఒక చుట్టుకి 432 సెకన్లు. గురుడే మంచి రోజుల్లో నలభై ఎనిమిది ఆర్క్ సెకన్ల వెడల్పు, అంటే ఏడు నిమిషాల్లో ఇంచుమించు తన వెడల్పంత అటూ ఇటూ ఊగొచ్చన్న మాట. వినడానికి భయంగా ఉంటుంది కానీ కాగితం మీద లెక్క వేసి చూడండి. ఆ ఊపు అన్నిటికన్నా వేగంగా ఉన్నప్పుడు కూడా సెకనుకి 0.3 ఆర్క్ సెకను. మనం గురుడికి ఇచ్చే ఎక్స్‌పోజరు పది మిల్లీసెకన్లు. ఆ పది మిల్లీసెకన్లలో గ్రహం జరిగేది 0.003 ఆర్క్ సెకను, నా సెటప్‌లో ఒక పిక్సెల్‌లో యాభయ్యో వంతు. సి8 విడదీసి చూపగలిగేదే అర ఆర్క్ సెకను పైన. గాలి చేసే అల్లరి ముందు మౌంటు చేసే అల్లరి ఏ మూలకీ రాదు. నెబ్యులాకి మూడు నిమిషాల ఎక్స్‌పోజరు పెట్టేవాళ్లకి గైడింగ్ (ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంటుని సర్దే ఏర్పాటు) లేకుండా ఇదే మౌంటు ఏడిపిస్తుంది, వాళ్లు రాసే ఫిర్యాదులు చదివి గ్రహాల వాళ్లు బెదిరిపోతున్నారు, అంతే.

ఊగడం వల్ల ఇబ్బంది ఒక్క చోట ఉంది. గురుడు పది గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు కాబట్టి ఫోటో కోసం తీసే ఒక్కో వీడియో (అందులో మంచి ఫ్రేములు ఏరి కలుపుతాం) రెండు మూడు నిమిషాలే తీస్తాం. ఫ్రేముల వేగం కోసం సెన్సారులో చిన్న ముక్క, 640 బై 480 లాంటిది, వాడడం అలవాటు. బార్లోతో నాకు గురుడు మూడు వందల పిక్సెళ్ల పైనే వస్తాడు, ఆ రెండు నిమిషాల్లోనే రెండు వందల పిక్సెళ్లు జరిగాడంటే అంచు దాటిపోతాడు. అందుకే కాస్త పెద్ద ముక్క తీసుకుంటా, లేదంటే షార్ప్‌క్యాప్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఫీచర్ ట్రాకింగ్ పెడితే అదే మౌంటుని మెల్లగా సర్దుకుంటూ పోతుంది. ఫైర్‌క్యాప్చర్‌లోనూ ఇట్లాంటి ఏర్పాటుంది. ఒకసారి సెట్ చేసుకున్నాక దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

మరి పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగే ఆల్ట్-అజిమత్ మౌంటు ఇంకా తేలిక, చవక, ధ్రువ నక్షత్రంతో పనే లేదు, అదెందుకు తీసుకోలేదు అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే, చల్లటి దేశాల వాళ్లకైతే అదే కొనమంటా. మనది పద్నాలుగున్నర డిగ్రీల అక్షాంశం. 2023 నవంబరులో గురుడి డెక్లినేషన్, అంటే ఆకాశ మధ్యరేఖ నుంచి ఉత్తరానికి ఉన్న దూరం, కూడా పద్నాలుగుకి దగ్గరే, అంటే అర్ధరాత్రి, బొమ్మ బాగా వచ్చే వేళకి, సరిగ్గా నడినెత్తిన నిలబడ్డాడు. నడినెత్తి దగ్గర ఆల్ట్-అజిమత్ మౌంటు ఒక్కసారిగా గిర్రున సగం చుట్టు తిరగాలి, తిరగలేక గ్రహాన్ని వదిలేస్తుంది, బొమ్మ కూడా ఫ్రేములో వేగంగా తిరిగిపోతుంది. తర్వాత రెండు సీజన్లలో గురుడు ఇరవై రెండు డిగ్రీల దాకా ఉత్తరానికి జరిగాడు, అప్పుడూ నడినెత్తికి ఎనిమిది డిగ్రీల దూరమే. యూరప్‌లో గ్రహం నెత్తి మీదికి రావడమే ఉండదు, కాబట్టి అక్కడి వాళ్ల రివ్యూల్లో ఈ గొడవ ఎక్కడా కనబడదు. నాది ఈక్వటోరియల్, అంటే ఇరుసుని ధ్రువం వైపు వాల్చి పెట్టే రకం, దాంట్లో నడినెత్తి అనేది మామూలు చోటే.

కానీ ఈక్వటోరియల్‌కి మన దగ్గర ఇంకో తలనొప్పి ఉంది. ధ్రువ నక్షత్రం మనకి పద్నాలుగు డిగ్రీల ఎత్తులోనే, పక్క మిద్దెల నీళ్ల ట్యాంకుల వెనక, మసకలో ఉంటుంది, మా ఇంటి నుంచి కనబడనే కనబడదు. గ్రహాలకి పర్వాలేదు. ఫోన్లో దిక్సూచి పెట్టి ఉత్తరం చూసుకుని, మౌంటు మీద ఎత్తు పద్నాలుగున్నరకి పెట్టి వదిలేస్తా. రెండు డిగ్రీలు తేడా వచ్చినా, ఫీచర్ ట్రాకింగ్ సర్దుతూ ఉంటే రెండు నిమిషాల వీడియోకి ఏమీ కాదు. అసలు చిక్కు ఏంటంటే, ఇంత తక్కువ ఎత్తులో మౌంటు తిరిగే ఇరుసు దాదాపు పడుకున్నట్టే ఉంటుంది. పాత రకం మౌంటులో అయితే బరువుల కడ్డీ నిలువుగా కిందికి దిగి ఉత్తరం వైపు ట్రైపాడ్ కాలికి కొట్టుకునేది, కాళ్లు తిప్పి పెట్టుకోవాల్సొచ్చేది. కొత్తదాంట్లో కడ్డీ లేదు కానీ, టెలిస్కోప్ నెత్తి మీదికి చూస్తున్నప్పుడు దాని తోక, అంటే బార్లో, కెమెరా, కేబుళ్లు, నేరుగా ట్రైపాడ్ కాళ్ల మధ్యకి దిగుతాయి. కాబట్టి మన జిల్లాల్లో ఎవరు ఈ రకం మౌంటు కొన్నా ట్రైపాడ్‌కీ మౌంటుకీ మధ్య పెట్టే గొట్టం, పియర్ ఎక్స్‌టెన్షన్, కూడా కొనండి. అది ఐచ్ఛికం అని రాసుంటుంది. మనకి కాదు.

బరువులు లేని మౌంటుకి పక్కకి వాలే గుణం ఉంటుంది, అది కూడా ఇక్కడే ఎక్కువ. ఇరుసు పడుకుని ఉండడంతో ట్యూబు బరువంతా ఒక పక్కకి వేలాడుతుంది, కింద ట్రైపాడ్ ఏమో రెండు కిలోల చిల్లర. నేను కాళ్లు పూర్తిగా చాచి, మధ్యలో ఇసుక సంచి వేలాడదీస్తా. ఆ ఇసుక మిద్దె మీదే ఉంటుంది, ఎవరూ మోయక్కర్లేదు. సంచి వేస్తే ఇంకో లాభం, వణుకు త్వరగా ఆగుతుంది. సంచి లేకుండా ఫోకస్ నాబ్ తాకితే గురుడు మూడు నాలుగు సెకన్లు నాట్యం చేస్తాడు, వేస్తే అందులో సగం. నిజానికి గ్రహాల ఫోటోలకి తేలిక మౌంటులో ఉన్న అసలు లోపం ఇదే, పీరియాడిక్ ఎర్రర్ కాదు. చేత్తో తిప్పుతూ ఫోకస్ కుదరదు, ఎలక్ట్రానిక్ ఫోకసర్ పెట్టాల్సిందే. దాని ఖర్చు కూడా మౌంటు ధరలో కలిపి చూసుకోండి. సాయంత్రం పూట సముద్రం గాలి గట్టిగా వీస్తే పిట్టగోడ చాటుకి జరుగుతా, మే, జూన్‌లలో పడమటి వడగాడ్పు రోజుల్లో అసలు బయటికే తీయను. ఆ రోజుల్లో మిద్దె స్లాబు రాత్రి చాలాసేపటి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది, ఏ మౌంటు పెట్టినా గ్రహం నీళ్లలో చూసినట్టే ఉంటుంది.

దీనికి మందు మిద్దె దిగిపోవడమే. స్కూటర్ మీద పెట్టుకుని తెలిసినవాళ్ల పొలం గట్టుకి, సోమశిల వైపు, పోగలిగాను, పాత మౌంటుతో కారు లేకుండా అది కుదిరేది కాదు. పచ్చిక మీద, తడి నేల మీద బొమ్మ ఎంత నిలకడగా ఉంటుందో చూస్తే మళ్లీ కాంక్రీటు మీద పెట్టబుద్ధి కాదు. మైపాడు బీచికి కూడా తీసుకెళ్లా, ఉత్తరం, తూర్పు తెరిచి ఉంటాయి, బాగుంటుంది, కానీ ఉప్పు గాలికి స్క్రూలు తుప్పు పట్టడం మొదలుపెడతాయి, ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడవకపోతే కష్టం. సి8 ముందు అద్దానికి మంచు పట్టకుండా హీటర్ పట్టీ తప్పనిసరి.

కరెంటు సంగతి. ఈ మౌంట్లకి క్లచ్ ఉండదు, చేత్తో తిప్పడానికి లేదు, పవర్ ఉంటేనే కదులుతాయి. ఈ గేర్లు బరువుకి వెనక్కి తిరిగే రకం, కాబట్టి పవర్ పోయినప్పుడు ఇరుసుని పట్టి ఉంచే బ్రేకు ఉందా లేదా అని ఏ మోడల్ కొన్నా ముందు అడగండి, లేకపోతే ట్యూబు మెల్లగా వాలిపోయి కాలికి గుద్దుకుంటుంది. నేను ఇన్వర్టర్ లైను నమ్మను, 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పక్కన పెట్టుకుంటా. మొదట్లో నాకొక దుకాణం వాళ్లు అంటగట్టిన చవక అడాప్టర్ పిన్ను వదులుగా ఉండి మధ్యలో మౌంటు ఆగిపోయేది, అది మార్చాక ఆ బాధ లేదు.

ధర మాట. నేను మారిన 2023లో ఏఎం5 డాలర్లలోనే రెండు వేల చుట్టుపక్కల ఉండేది, మన దగ్గరికొచ్చేసరికి పన్నులు వేరే. కేవలం గ్రహాలకి ఇంత పెట్టాలా అంటే, ట్యూబు ఎనిమిది అంగుళాలది ఉంటేనే. దీనికి బరువులు లేకుండా 13 కిలోల దాకా మోసే శక్తి ఉంది, ఐదున్నర కిలోల సి8కి ఎక్కువే అనిపిస్తుంది, కానీ పొడుగు ఫోకల్ లెంగ్త్‌కి ఆ ఎక్కువ కావాలి. ఇంకా చిన్నది ఏఎం3 ఉంది, నాలుగు కిలోల లోపు తల, ఎనిమిది కిలోలు మోస్తుంది, ఐదారు అంగుళాల ట్యూబుకి నేనైతే అదే చూస్తా. పదకొండు అంగుళాల సి11 ఉన్నవాళ్లు ఏఎం5 జోలికి రావద్దు, ఆ ట్యూబే పన్నెండున్నర కిలోలు, వాళ్లకి పాత బరువు మౌంటే సరి.

కొత్తగా మొదలుపెట్టే కుర్రాళ్లు, చేతిలో అంత డబ్బు లేనివాళ్లు, 127 మిల్లీమీటర్ల మాక్సుతోవ్ టెలిస్కోపు, దానికింద ఏజడ్-జీటీఐ లాంటి చిన్న ఆల్ట్-అజిమత్ తీసుకోండి. గురుడు నెత్తి మీదికి వచ్చే ఆ కాసేపు టీ తాగి రండి, ముందూ వెనకా బోలెడు టైముంది. 2027 ఫిబ్రవరిలో గురుడూ కుజుడూ ఇద్దరూ ఎదురుకి వస్తున్నారు, వానలు వెళ్లిపోయి ఆకాశం తేటగా ఉండే నెల అది. శని మాత్రం ఇప్పుడు మన వానల్లోకి దిగుతున్నాడు, 2026లో అక్టోబరు 4, 2027లో అక్టోబరు 18. ఆయన కోసం నా ఇసుక సంచి మిద్దె మీదే ఉంటుంది.