రిపోర్ట్ సర్వర్ మైగ్రేషన్ ప్యాకేజీ కొంటున్నారా? జిప్ ఫైల్ చేతికి రాగానే డబ్బు కట్టేయకండి

ఆఫీసు రిపోర్టులను తయారుచేసి, వేళకి మెయిల్‌లో పంపే సాఫ్ట్‌వేర్ జాస్పర్‌రిపోర్ట్స్ సర్వర్. దాన్ని పాత మెషీన్ నుంచి కొత్తదానికి మార్చి, రోజూ రాత్రి బ్యాకప్ పడేలా సెట్ చేసి ఇస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. మా ఆఫీసు అలాంటి ఒకరి దగ్గర కొంది. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే పని ఇంతే అరకొరగా చేసేవాళ్లు వాళ్లొక్కరే కాదు. డెమో బాగా ఇచ్చారు, ఫోల్డర్లన్నీ కనిపించాయి, తెరిచి చూపించిన రిపోర్టులు చక్కగా నడిచాయి. బిల్లు పాసైంది, పాత మెషీన్ ఆపేశాం. మర్నాటి నుంచి మొదలైంది టెన్షన్.

డెమోలో చూపించిన రిపోర్టులు తప్ప మిగతావి ఒక్కటీ డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడం లేదు. కారణం తవ్వితే తేలింది ఇది. 7.5 వెర్షన్ నుంచి ఈ సర్వర్ తన పాస్‌వర్డ్‌లను ఒక కీస్టోర్‌లోని (కీలు దాచే చోటు) కీలతో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే ఆ కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మారుస్తుంది. ఆ కీస్టోర్ రెండు ఫైళ్లు: డాట్ జేఆర్ఎస్‌కేఎస్, డాట్ జేఆర్ఎస్‌కేఎస్‌పీ. మార్చకపోతే ఇన్‌స్టాల్ చేసిన యూజర్ హోమ్ డైరెక్టరీలో ఉంటాయి. ప్రతి సర్వర్‌కీ దాని సొంత కీ. పాత సర్వర్ కీతో ఎక్స్‌పోర్ట్ చేసిన (లోపలున్నవన్నీ మూటగట్టి బయటికి తీసిన) జిప్‌ని కొత్త సర్వర్‌లో పోస్తే, అందులోని డేటా సోర్స్ (రిపోర్ట్ ఏ డేటాబేస్‌కి వెళ్లాలో చెప్పే సెట్టింగ్) పాస్‌వర్డ్‌లను అది విప్పలేదు. ప్యాకేజీ అమ్మిన మన నిపుణులు కీ తేలేదు. డెమోకి కావలసిన నాలుగైదు డేటా సోర్సులకు మాత్రం పాస్‌వర్డ్ చేత్తో టైప్ చేసి, పని అయిపోయిందన్నారు! అడిగితే, 'జిప్ ఇచ్చాం కదా సార్, అగ్రిమెంట్‌లో అంతే ఉంది' అని జవాబు.

నిజానికి ఇందుకు దారి టూల్‌లోనే ఉంది. జిప్ తీసే కమాండ్ జేఎస్-ఎక్స్‌పోర్ట్ నడిపేటప్పుడు జెన్‌కీ ఆప్షన్ ఇస్తే ఆ ఒక్క ఎక్స్‌పోర్ట్ కోసం కొత్త కీ పుట్టించి తెరమీద చూపిస్తుంది. అవతలి మెషీన్‌లో ఆ జిప్‌ని లోపలికి ఎక్కించే జేఎస్-ఇంపోర్ట్‌కి సీక్రెట్-కీ ఆప్షన్‌లో అదే కీ ఇవ్వాలి. కీని మాత్రం జిప్ పక్కనే పడేయకుండా విడిగా దాచుకోవాలి. అమ్మేవాళ్లని ముందే ఒక ప్రశ్న అడగండి: 'కీ ఎలా తరలిస్తారు?' తడబడితే అక్కడే ఆగిపోండి.

రాత్రి బ్యాకప్ సంగతి ఇంకా ఘోరం. రోజూ పొద్దున్నే 'బ్యాకప్ పూర్తయింది' అని మెయిల్ వచ్చేది. లాగ్ తెరిస్తే మొదటి రాత్రి నుంచీ కీస్టోర్ దొరకలేదన్న ఎర్రరే. సర్వర్ ఇన్‌స్టాల్ చేసింది ఒక యూజర్, క్రాన్‌లో (వేళకి పనులు నడిపే లినక్స్ ఏర్పాటు) బ్యాకప్ స్క్రిప్ట్ నడుస్తున్నది రూట్, అంటే మెషీన్ అడ్మిన్ యూజర్ పేరుతో. రూట్ హోమ్‌లో ఆ రెండు ఫైళ్లు ఎందుకుంటాయి? ఎక్స్‌పోర్ట్ ఫెయిలైనా సరే, చివరి లైను మెయిల్ పంపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ (కమాండ్ సక్సెస్ అయిందో ఫెయిలైందో చెప్పే నంబరు) చూసే ఒక్క లైను రాయడానికి వాళ్లకి చేతులు రాలేదు. బ్యాకప్ ఉందనుకుంటూ ఖాళీ ఫోల్డర్‌ని కాపలా కాశాం.

తర్వాత, మార్పులు ముందుగా పరీక్షించుకునే టెస్ట్ సర్వర్. జేఎస్-ఎక్స్‌పోర్ట్‌లో ఎవ్రీథింగ్ ఆప్షన్‌తో తీసిన జిప్‌లో రిపోర్టులు, యూజర్లు, రోల్స్, పర్మిషన్లతోపాటు షెడ్యూల్ చేసిన జాబులూ (వేళకి రిపోర్ట్ నడిపి మెయిల్ చేసేవి) వస్తాయి. ఆడిట్, మానిటరింగ్ డేటా మాత్రం రాదు, దాన్ని విడిగా అడగాలి. వీళ్లు ఆ జిప్‌ని అలాగే టెస్ట్ మెషీన్‌లో పోసి సర్వర్ ఆన్ చేశారు. మెయిల్ సర్వర్ సెట్టింగ్ అసలుదే ఉండటంతో అక్కడ నడిచిన ప్రతి రిపోర్టూ కస్టమర్లకి రెండేసి సార్లు వెళ్లింది. డేటా సోర్సుల్లోని అడ్రసులు కూడా పాతవే కాబట్టి, టెస్ట్‌లో పాస్‌వర్డ్ సరిచేసిన రిపోర్టులన్నీ అసలు డేటాబేస్ మీదే నడిచాయి. టెస్ట్ మెషీన్‌లో ఇంపోర్ట్ చేస్తామంటే, సర్వర్ లేపకముందే మెయిల్ హోస్ట్ మార్చారా లేదా అని పక్కన నిలబడి చూడండి.

జేఎస్-ఇంపోర్ట్‌లోని అప్‌డేట్ ఆప్షన్ గురించీ ఒక మాట. అది లేకపోతే ఇప్పటికే ఉన్న రిసోర్సులను ఇంపోర్ట్ ముట్టుకోదు. ఉంటే, పాత్ (ఫోల్డర్ చిరునామా), రకం రెండూ సరిపోలిన ప్రతిదాన్నీ జిప్‌లో ఉన్నదానితో మార్చేస్తుంది. యూజర్లని కూడా. కొత్త సర్వర్‌లో మేం పెట్టుకున్న అడ్మిన్ పాస్‌వర్డ్ పోయింది ఇలాగే. స్కిప్-యూజర్-అప్‌డేట్ కలిపి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు.

ఇంకో చిన్న విషయం, కానీ పని ఒప్పుకునేముందే తేల్చుకోవాలి. ఈ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ టూల్స్ బ్రౌజర్ ద్వారా కాదు, నేరుగా రిపాజిటరీ డేటాబేస్‌లోకి (సర్వర్ తన రిపోర్టులు, యూజర్లను దాచుకునే డేటాబేస్) వెళ్తాయి. ఈ టూల్స్ ఉండే బిల్డోమాటిక్ ఫోల్డర్‌లోని డిఫాల్ట్ మాస్టర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో డేటాబేస్ హోస్ట్, యూజర్, పాస్‌వర్డ్ రాసి ఉంటాయి. అంటే పని చేసే మనిషికి అసలు పాస్‌వర్డ్ చేతికిస్తున్నట్టే. పని అయ్యాక దాన్ని మార్చమని మాకు ఎవరూ చెప్పలేదు. ఇంపోర్ట్ చేసేటప్పుడు సర్వర్ ఆపి ఉంచాలన్నదీ చెప్పలేదు. నడుస్తుండగా చేస్తే క్యాష్‌లో (సర్వర్ తాత్కాలికంగా గుర్తుపెట్టుకునే మెమరీ) పాతదే ఉండిపోయి, ఇంపోర్ట్ అయిందో లేదో అర్థం కాని పరిస్థితి వస్తుంది.

ఒప్పందంలో 'మైగ్రేషన్ చేసి ఇస్తాం' అని ఒక్క ముక్క రాస్తే ఒప్పుకోకండి. వేరే ఖాళీ మెషీన్‌లో రాత్రి పడిన బ్యాకప్ జిప్‌తోనే ఇంపోర్ట్ చేసి, మీరు ఎంచిన రిపోర్టులు, వాళ్లు ఎంచినవి కాదు, మీ కళ్లముందు నడపాలని రాయించండి. సగం డబ్బు అప్పటిదాకా ఆపండి. మాది ఇంకా తేలలేదు, ఫోన్ ఎత్తడం లేదు. పాత మెషీన్ డిస్క్ చెరిపేయకపోవడం వల్ల కీస్టోర్ దొరికి బతికిపోయాం.

మీకూ ఇలాంటి ప్యాకేజీ ఎవరైనా పెట్టి, పాత సర్వర్ ఇంకా ఉంటే ఇవాళే లోపలికి వెళ్లి ఆ రెండు ఫైళ్లు కాపీ తీసుకోండి. పేరు ముందు చుక్క ఉంటుంది కాబట్టి మామూలు లిస్టింగ్‌లో కనిపించవు, దాచిన ఫైళ్లు కూడా చూపించమని అడగాలి.