పాత కారు రేడియేటర్ లీక్: అతుకు వేయించాలా, కొత్తది కొనాలా?

ఎండలు ముదిరాయంటే పాత కార్లున్నవాళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్న ఒకటే. "రేడియేటర్ లీకవుతోంది. ఒక మెకానిక్ అతుకు వేస్తే చాలంటున్నాడు, ఇంకొకాయన కొత్తది వేయించమంటున్నాడు. ఏది మేలు?" ఈమధ్య మా పాత వేగనార్‌కూ ఇదే సమస్య వచ్చింది. కొత్తదే వేయించాను. అలాగని ప్రతి కారుకూ అదే సరైన జవాబు కాదు. అంబాసిడర్ ఉన్నవాళ్లు అడిగితే అతుకు వేయించుకోమనే చెబుతాను. తేడా ఎక్కడుందో చెప్పేముందు ఇంకో మాట. లీకవుతున్నది అసలు రేడియేటరేనా?

కారు కింద తడి కనబడగానే కంగారు పడనక్కర్లేదు. ఏసీ వేసుకుని తిరిగాక ముందు సీటు కింది భాగంలో నీళ్లు కారడం మామూలే. అవి మంచినీళ్లలా ఉంటాయి, రంగూ వాసనా ఉండవు. రేడియేటర్లో తిరుగుతూ ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం కూలంట్. దానికి ఆకుపచ్చో, ఎరుపో, నీలమో ఏదో ఒక రంగుంటుంది, వేళ్ల మధ్య జారుతుంది, కాస్త తీపి వాసన వస్తుంది. రుచి మాత్రం చూడకండి, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. కారిన చోట వెంటనే నీళ్లు పోసి కడిగేయండి. ఆ తీపికి కుక్కలూ పిల్లులూ నాకి ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

కారుతున్నది కూలంటే అయినా తప్పు రేడియేటర్‌దే కానక్కర్లేదు. హోస్ పైపు క్లిప్పు దగ్గర లీకైతే చాలాసార్లు చల్లగా ఉన్నప్పుడు కారి, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోతుంది. వాటర్ పంపుకు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే కూలంట్ అక్కడి నుంచే బయటికొస్తుంది. ఆ రంధ్రం చుట్టూ ఎండిన చారికలు కనిపిస్తే పంపు మార్చాలి, రేడియేటర్ జోలికి వెళ్లక్కర్లేదు. ముందు సీటు దగ్గర కాళ్ల కింది మ్యాటు జిగటగా తడుస్తూ, అద్దం మీద పొర పట్టిందంటే హీటర్ కోర్‌ను (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) అనుమానించాలి. బయట చుక్క కూడా కారకుండా కూలంట్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత లోపల మీగడలాంటి పదార్థం పేరుకుందంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) మీదికి అనుమానం పోతుంది. అప్పుడు ఈ అతుకా కొత్తదా అన్న చర్చకే అర్థం లేదు, ముందు ఇంజిన్ సంగతి చూడాలి.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో పోయేది రేడియేటర్ మూత. దాని స్ప్రింగ్ బలం తగ్గితే కూలంట్ అవసరానికి మించి పక్కనుండే కూలంట్ బాటిల్లోకి వెళ్లి పొర్లుతుంది. లోపలి చిన్న వాల్వు బిగుసుకుపోతే చల్లారాక బాటిల్లోంచి వెనక్కి రాదు, పై హోస్ లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది. చాలామంది దీన్ని రేడియేటర్ లీక్ అనుకుని వేలు ఖర్చు పెడతారు. పాత కారైతే అనుమానం ఉన్నా లేకపోయినా ముందు మూత మార్చేయండి.

ఇక అసలు విషయం పీడనం. రేడియేటర్ కూడా మన కుక్కర్‌లా పీడనం కింద పనిచేసే పాత్రే. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది ఎన్ని బార్ల పీడనం దాకా మూత బిగువుగా ఆపుతుందో చెబుతుంది. 0.9 బార్ దగ్గర ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. కూలంట్ కలిస్తే ఇంకా పైకి వెళుతుంది. ఎక్కడైనా సన్నటి లీక్ ఉంటే ఆ పీడనం నిలవదు, మరిగే స్థానం కిందికి వచ్చేస్తుంది. ఊళ్లో నాలుగు వీధులు తిరిగినప్పుడు ఏమీ తెలియదు. మే నెలలో ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడో, శ్రీశైలం దారిలో లారీ వెనక రెండో గేర్లో పాకేటప్పుడో బయటపడుతుంది.

అందుకే చల్లటి ఇంజిన్ మీద కళ్లతో చూసి "లీకేం లేదు సార్" అనే మాటను నేను లెక్కలోకి తీసుకోను. ప్రెషర్ టెస్ట్ చేయించండి. రేడియేటర్ మూత తీసి, ఆ చోట చేతి పంపు బిగించి, మూత మీదున్న అంకె వరకు గాలి కొట్టి, పది పదిహేను నిమిషాలు ముల్లు చూస్తారు. ముల్లు పడిపోతుంటే ఎక్కడో పోతోందన్నమాట. టార్చి పెట్టి చూస్తే చోటు దొరుకుతుంది. అంకె దాటి కొట్టనివ్వకండి, బాగున్న అతుకులు కూడా విడిపోతాయి. ఆ పరికరం లేని రేడియేటర్ షాపులో దాన్ని ఊడదీసి, రెండు మూతులూ మూసి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి పట్టిస్తారు. బుడగలు వచ్చిన చోటే లీక్. అది కూడా మంచి పరీక్షే. రిపేరు చేసే ముందు ఒకసారి, చేశాక ఒకసారి, రెండుసార్లూ మీ కళ్లముందే చేయమనండి.

చోటు తెలిశాక నేను ముందు చూసేది ట్యాంకు. రేడియేటర్ పైనా కిందా, కొన్ని కార్లలో ఇరుపక్కలా, ఉండే పెట్టెల్లాంటి భాగాలవి. నా దృష్టిలో నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కారు వయసూ మెకానిక్ మాటా బడ్జెట్టూ అన్నీ దాని తర్వాతే.

ట్యాంకు లోహంతో ఉండి, అంచుల్లో టంకం గీత కనిపిస్తే అది ఇత్తడి-రాగి రేడియేటర్. అంబాసిడర్, పద్మిని లాంటి పాత బండ్లలో ఉండేవి ఇవే. గొట్టాలు ఇత్తడి, మధ్య రేకులు రాగి, అన్నిటినీ కలిపేది టంకం. వీటికి అతుకు వేయించడం రాజీ కాదు, వాటిని తయారుచేసిన పద్ధతే అది. పనితెలిసిన మనిషి పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో పేరుకున్న పొరను సన్నటి కమ్మీతో గీకి, మళ్లీ టంకం పెట్టి ఇస్తే ఏళ్లపాటు పనిచేస్తుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఇక కొత్త రేడియేటర్ కోసం వెతకడంకంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మంచి టంకం పనివాడి కోసం వెతకడమే మేలు. ఆ పని తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో ఇంకా ఒకరుంటే పని ఆయనకే ఇవ్వండి, అడిగినంత ఇవ్వండి.

ట్యాంకు నల్లటి ప్లాస్టిక్‌ది అయి, అంచుల వెంబడి అల్యూమినియం చెవులు వంచి బిగించి ఉంటే కథ వేరు. పదిహేను ఇరవై ఏళ్ల నాటి ఆల్టో, శాంట్రో, వేగనార్ లాంటి వాటిలో మీకు కనిపించేది ఎక్కువగా ఇదే. ఆ ప్లాస్టిక్ గాజు నార కలిపిన నైలాన్. కొత్తప్పుడు గట్టిదే. కానీ ఏళ్ల తరబడి వేడి కూలంట్‌లో నాని, వేడెక్కుతూ చల్లారుతూ పెళుసుబారుతుంది. ఒకచోట పగులు వచ్చిందంటే తక్కిన ట్యాంకంతా అదే వయసులో, అదే స్థితిలో ఉందని అర్థం. పగులు మీద ఎం-సీల్ పూసినా, వేడి ఇనుముతో కరిగించి అతికినా, ఆ చోటు నిలబడొచ్చు. పక్కనే ఇంకో పగులు రాకుండా ఆపే అతుకు మాత్రం లేదు. మా కారుకు జరిగింది అదే, పై ట్యాంకులో హోస్ తగిలించే మూతి మొదట్లో వెంట్రుకంత గీత. దాని చుట్టూ గోరుతో గీస్తే ప్లాస్టిక్ పొడిపొడిగా రాలింది. ఇక ఆలోచించలేదు.

ట్యాంకు ఒక్కటే మార్చి కొత్త గ్యాస్కెట్ వేస్తామని కొన్ని షాపులవాళ్లు అంటారు. మధ్యలోని జాలీ (గొట్టాలూ రేకులూ ఉన్న భాగం) నిజంగా శుభ్రంగా ఉంటే ఇది తీసిపారేసే మాటేమీ కాదు, ఖర్చు సగానికి తగ్గుతుంది. ఇబ్బందల్లా ఆ అల్యూమినియం చెవులతోనే. ఒకసారి విప్పి మళ్లీ వంచితే సన్నగిల్లుతాయి, ఒకట్రెండు విరుగుతాయి, విరిగిన చోట గ్యాస్కెట్ మీద బిగువు ఉండదు. లీక్ జాలీలో ఉంటే మరీ కష్టం. అల్యూమినియం గొట్టాల గోడలు బాగా పలచన. ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికేవాళ్లు ఉన్నారు గానీ పక్క గొట్టం చిల్లు పడకుండా చేయడం అందరి వల్లా కాదు. అందుకని చాలాచోట్ల లీకైన గొట్టాన్ని రెండు వైపులా మూసేస్తారు. లీక్ ఆగుతుంది, నిజమే. కానీ ఆ గొట్టంలో ఇక కూలంట్ పారదు. రెండు మూడు గొట్టాలు అలా మూసేశాక ఎండాకాలం చల్లబరిచే శక్తి సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

"అతుకుకు కొన్ని వందలు, కొత్తదానికి కొన్ని వేలు, ఇంత పాత కారుకు అంత దేనికి?" అంటారు. ఆ పోలికలో ఒక ఖర్చు కనబడకుండా పోతోంది. ప్లాస్టిక్ ట్యాంకు హైవే మీద పగిలితే కూలంటంతా నిమిషాల్లో పోతుంది. అప్పుడు టెంపరేచర్ ముల్లును నమ్మడానికి లేదు. సెన్సర్ కూలంట్‌లో మునిగి ఉంటేనే సరైన వేడి చూపుతుంది, ఖాళీ అయ్యాక ఆవిరిలో ఉండి తక్కువ చూపించవచ్చు. ఫ్యాన్ స్విచ్ రేడియేటర్‌కే ఉన్న కార్లలో ఫ్యాన్ కూడా తిరగకపోవచ్చు. డ్రైవింగ్ చేసేవాళ్లకు తెలిసేలోపు అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. హెడ్ విప్పడం, ఫేసింగ్ (వంగిన హెడ్‌ను మళ్లీ చదును చేయించడం), గ్యాస్కెట్ సెట్, లేబర్, కొత్త కూలంట్ అన్నీ కలిపితే కొత్త రేడియేటర్ ధర చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కారు పాతదైన కొద్దీ ఇంజిన్ పని బిల్లు కారు విలువకు దగ్గరపడుతుంది. అందుకే పాత కారుకే కొత్త రేడియేటర్ ఎక్కువ అవసరం అంటాను.

కొత్తదాంట్లో కంపెనీ స్పేర్ తీసుకోవాలా, బయటి బ్రాండా? కంపెనీది కచ్చితంగా సరిపోతుంది, ధర ఎక్కువ, పాత మోడళ్లకు కొన్నిసార్లు దొరకదు. బ్యాంకో లాంటి పేరున్న తయారీదారులవి స్పేర్ పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి. నేను వేయించింది పేరున్న బయటి బ్రాండే, దాంతో సంతృప్తిగా ఉన్నాను. పేరూ ఊరూ లేని డబ్బాలో వచ్చేవి మాత్రం వద్దు. పాతదాన్ని షాపుకు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడండి. జాలీ మందం, రేకుల దగ్గరితనం, బోల్టు రంధ్రాల చోటు, ఫ్యాన్ స్విచ్ మర సరిపోవాలి. చేతికెత్తితేనే తేలిగ్గా, రేకులు దూరదూరంగా అనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. బిల్లు తీసుకోండి.

పాత సామాన్ల షాపులో సెకండ్ హ్యాండ్ రేడియేటర్ తీసుకోవడం నాకు నచ్చదు. దాని ప్లాస్టిక్ వయసూ మీ దానంతే. లీక్ ఆపే ద్రవాలు, లారీ డ్రైవర్లు వేసే పసుపు పొడి దారిలో ఇరుక్కున్నప్పుడు ఇంటికి చేర్చడానికి పనికొస్తాయి. లీకైన చోటే కాకుండా హీటర్ కోర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటాయి కాబట్టి వాటితో నెలలు నెట్టకండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే కూలంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తీసేస్తే వేడి తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. ఇంజిన్ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లీక్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

ఏది ఎంచుకున్నా బోరు నీళ్లు మాత్రం పోయకండి. రేడియేటర్లు పాడవడానికి మన ప్రాంతంలో ఇది పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతాను. బోరు నీటిలోని ఉప్పులు గొట్టాల్లో తెల్లటి పొరగా పేరుకుంటాయి, క్లోరైడ్ అల్యూమినియాన్ని చుక్కలు చుక్కలుగా తినేస్తుంది. "రోజూ ఉదయం ఒక మగ్గు పోస్తే చాలు" అనే అలవాటు ఉన్న కారుకు ఎంత మంచి రేడియేటర్ వేసినా ఎక్కువ రోజులు నిలవదు. కొత్తది బిగించే ముందు ఇంజిన్ వైపు కూడా నీళ్లతో ఫ్లష్ చేయించండి, లేకపోతే లోపల ఉన్న తుప్పంతా కొత్త గొట్టాల్లోకి చేరుతుంది. తర్వాత చిక్కటి కూలంట్ అయితే బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. రెడీ మిక్స్ అయితే నీళ్లు కలపకుండానే పోయాలి. డబ్బా మీద ఏదని రాసుందో చదివి పోయించండి, రంగు చూసి కాదు. పాత హోస్‌లు నొక్కితే గట్టిగానో, మరీ మెత్తగానో ఉంటే క్లిప్పులతో సహా ఇప్పుడే మార్చేస్తే ఇంకోసారి లేబర్ తప్పుతుంది.

నింపాక గాలి తీయడం మరచిపోతారు చాలామంది. చల్లటి ఇంజిన్ మీద మూత తీసి, హీటర్ పూర్తి వేడి వైపు పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో నడపాలి. థర్మోస్టాట్ తెరుచుకుని పై హోస్ వేడెక్కేసరికి బుడగలు వచ్చి మట్టం తగ్గుతుంది, అప్పుడు నింపి మూత పెట్టాలి. వేడి మీద ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ విప్పకండి. మర్నాడు ఉదయం ఇంజిన్ చల్లగా ఉండగా రేడియేటర్లోనూ బాటిల్లోనూ మట్టం చూడండి. మొదటిసారి కాస్త తగ్గడం మిగిలిన గాలి వల్ల కావచ్చు, నింపండి. వారం తర్వాత మళ్లీ తగ్గితే అది గాలి కాదు, ఇంకో ప్రెషర్ టెస్ట్‌కు తీసుకెళ్లండి.