గండికోట నుంచి బెలుం దాకా: రాయి, మట్టి చూడ్డానికి రెండు రోజులు

గండికోట, బెలుం గుహలు రెండూ ఒకే రోజులో చుట్టేసి వెళ్లేవాళ్లే ఎక్కువ. రాళ్లూ నేలలూ అర్థం కావాలంటే మాత్రం రెండు రోజులు పెట్టుకోవాలి, అదీ గండికోటతో మొదలుపెట్టి. గట్టి రాయి, మెత్తని రాయి, వాటి మధ్య నేల అన్నీ ఆ వరుసలోనే తగులుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

రైల్లో వచ్చేవాళ్లు ముద్దనూరులో దిగి జమ్మలమడుగు మీదుగా వెళ్లొచ్చు. జమ్మలమడుగు నుంచి గండికోట సుమారు 15 కిలోమీటర్లు. బస్సులు తక్కువ, ఆటోకు రానూపోనూ ముందే మాట్లాడుకోవాలి.

బసకు మూడు దారులున్నాయి. కోటకు దగ్గర్లోని పర్యాటక శాఖ హరిత హోటల్ వీటిలో మేలు, తెల్లవారేసరికి లోయ అంచున ఉండొచ్చు. శని, ఆదివారాలకు గది ముందే బుక్ చేసుకోవాలి. అంచుల్లో వేసే టెంట్లు చవకే గానీ, బండ మీద మేకు దిగదు. తాళ్లను రాళ్లకు కట్టాల్సి వస్తుంది, గాలి లేస్తే ఊడిపోతాయి. పగలంతా కాగిన బండ రాత్రి చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది. మరుగుదొడ్డి ఎక్కడో అడిగాకే డబ్బు కట్టండి. జమ్మలమడుగు లాడ్జిలో దిగితే తిండికి ఇబ్బంది ఉండదు గానీ, సూర్యోదయానికి చీకట్లోనే బయల్దేరాలి.

ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట రెండు పక్కలా పేర్చినట్టున్న రాయి క్వార్ట్జైట్. ఒకప్పటి ఇసుక పొరలు సిలికాతో అతుక్కుని గట్టిపడగా వచ్చింది ఇది. వయసు కోట్ల ఏళ్ల పైమాటే. పొరలు అడ్డంగానూ, పగుళ్లు నిలువుగానూ ఉండటం వల్ల అది ముక్కలుగా కాక చదరపు దిమ్మెలుగా విడిపోతుంది. అంచు కింద కొన్ని దిమ్మెలకు ఆధారం సరిగా ఉండదు. కంచె లేని చోట్లే ఎక్కువ, పైగా బండ మీద రాలిన ఇసుక గింజలు చెప్పు కింద జారతాయి. అంచుకు రెండు మీటర్ల ఇవతలే ఆగడం మంచిది.

రాళ్లను పరీక్షించడానికి ఒక ఇనుప మేకు, రెండు నిమ్మకాయలు చాలు. కోట రక్షిత కట్టడం కాబట్టి గోడల మీద గీయకూడదు, రోడ్డు పక్కన పడి ఉన్న రాయి తీసుకోండి. క్వార్ట్జైట్ మీద మేకు గీస్తే బూడిదరంగు గీత పడుతుంది. రాయి గీసుకుపోయిందని చాలామంది పొరబడేది ఇక్కడే. తడి వేలితో రుద్దితే గీత చెరిగిపోతుంది, ఎందుకంటే అరిగింది మేకు. క్వార్ట్జైట్‌లో ఉండే పలుగురాయి గట్టిదనం, 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో 7, మామూలు మేకుది అంతకంటే తక్కువ.

కోటపై మట్టి పలచగా, రాళ్లతో ఉంటుంది. క్వార్ట్జైట్ చివికి మట్టి కావడం చాలా కష్టం. దిగువన శనగ చేల వైపు వస్తే నేల ఒక్కసారిగా నల్లరేగడి అవుతుంది. ఇక్కడ ఒక పావుగంట ఆగడం గుహ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. గుప్పెడు మట్టి తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటి తెగకుండా నిలిస్తే జిగట బంకమట్టి. ఈ బంక తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది, వేసవిలో నెర్రెలు పడేది అందుకే. వాన పడినప్పుడు కారును తారురోడ్డు దింపకండి, చక్రం దిగబడితే ట్రాక్టరు రావాల్సిందే. కాస్త మట్టి సీసాలో మూడో వంతు వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు కాకుండా చిటికెడు బట్టల సబ్బు పొడి కలిపి ఊపండి. ఉప్పు బంకను గుంపుకట్టించి త్వరగా దింపేస్తుంది, లెక్క తప్పుతుంది. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది. బంక మర్నాటికి కూడా నీళ్లలో తేలుతూనే ఉంటుంది.

బెలుంకు దగ్గర్లోని కొలిమిగుండ్ల చేరేసరికి గట్లు, ఇళ్ల గోడలు, అరుగులు అన్నీ నాపబండలే. అదే సున్నపురాయి, పొరపొరలుగా విడిపోతుంది. పగిలిన ముక్క మీద మేకు గీస్తే ఈసారి తెల్లపొడి రాలుతుంది, తడి వేలితో రుద్దినా గాటు పోదు. ఆ పొడి మీద నిమ్మరసం పిండితే నురుగు వస్తుంది. రాయి మీద నేరుగా పిండితే బుడగలు కనిపించకపోవచ్చు, పొడి చేసి చూడటమే సరైన పద్ధతి.

బెలుం గుహ ఈ రాతిలోనే ఉంది. గాలి నుంచీ మట్టి నుంచీ కార్బన్ డయాక్సైడ్ తీసుకున్న నీరు పగుళ్ల వెంట సున్నపురాయిని కరిగించుకుంటూ పోయింది. పొరలు దాదాపు సమతలంగా ఉన్నాయి కాబట్టి గుహ కూడా నిలువుగా కాక అడ్డంగా సాగింది. పొడవు 3,229 మీటర్లు, సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ 46 మీటర్ల దిగువన ఉంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీని గురించి రాశాడు, 1982-83లో జర్మన్ గుహాన్వేషకులు లోపల కొలతలు తీశారు.

లోపల ఉక్కపోత ఎక్కువ. మనిషికి లీటరు నీళ్లు, కాటన్ బట్టలు, పట్టు ఉన్న బూట్లు ఉండాలి. ఊపిరి ఇబ్బంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు మొదటి పెద్ద హాలు దగ్గరే తిరిగొచ్చినా తప్పు లేదు. గైడ్లు ఎక్కువగా ఆకారాలే చూపిస్తారు. పైకప్పు పగుళ్లు ఏ దిక్కున సాగుతున్నాయో, దారి వాటి వెంటే ఎలా మలుపు తిరుగుతోందో మీరే గమనించాలి. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్లను కొట్టి చూడకండి, విరిగితే మన తరంలో తిరిగి పెరగవు. భారీ వానలు పడ్డాక వెళ్తుంటే లోపలి దారులు తెరిచే ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి.

భోజనానికి గుహ దగ్గరి హరిత సరిపోతుంది. రాత్రికి అక్కడ ఉండాల్సిన పని లేదు, సాయంత్రానికి తాడిపత్రి చేరితే రైలు అందుతుంది.