పూర్ణా మార్కెట్ సందులో వాల్వు రేడియో రిపేరు

బోర్డు లేని షాపు. విశాఖ పూర్ణా మార్కెట్ వెనక ఉల్లిపాయల కొట్టును ఆనుకుని ఉంటుంది. మా నాన్నగారి వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్ల ముందు కాలంది, లోపల వేడెక్కే గాజు గొట్టాలే వాల్వులు) పదిహేనేళ్లుగా బీరువా మీదే పడుంది. ముందు ఇంకోచోట చూపిస్తే, "పార్టులు దొరకవు, షోకి పెట్టుకోండి" అన్నారు.

ఈ షాపతను వెనక అట్ట విప్పి, చాసిస్ (లోపలి రేకు చట్రం) మీద వేలితో గీశాడు. తెల్లటి పొడి. "ఉప్పుగాలండి. మీ ఇల్లు వాల్తేరు వైపా?" అన్నాడు. పెదవాల్తేరే! అయిదు వాల్వుల్లో పోయింది ఒక్కటే. మిగతావాటి పిన్నులు బ్లేడుతో గీకి, పాత కండెన్సర్లు మార్చాడు. నేరుగా కరెంటివ్వకుండా, సిరీస్‌లో వంద వాట్ల బల్బు పెట్టాడు. బల్బు ఒక్కసారి భగ్గుమని మెల్లగా మసకబారితే షార్టు లేనట్టే. ఆ మసకబారడం చూడ్డానికి నేనూ ఊపిరి బిగబట్టాను.

ఇచ్చేటప్పుడు ఒక్కటే చెప్పాడు: "మాటిమాటికీ ఆపీ వేసీ చేయకండి గురువుగారూ. వాల్వు పోయేది అప్పుడే."

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫయ్యొక్కేళ్లు చేసినవాణ్ని, నాకు టామీ ఫ్లవర్స్ గుర్తొచ్చాడు. లండన్‌లో తాపీ మేస్త్రీ కొడుకు. పగలు పని, రాత్రి చదువు. 1926లో బ్రిటిష్ పోస్టాఫీసు టెలిఫోన్ల విభాగంలో చేరాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు ఛేదించడానికి వేయికి పైగా వాల్వులతో యంత్రం కడతానంటే, అన్ని వాల్వులు ఒకేసారి నిలబడవని చాలామంది కొట్టిపారేశారు. ఆపకుండా ఉంచితే నిలబడతాయని ఆయనకి టెలిఫోన్ల అనుభవం. ఎక్స్ఛేంజిని రాత్రయిందని ఎవరూ కట్టేయరు కదా! 1944 మొదట్లో కొలోసస్ అనే ఆ యంత్రం పని మొదలెట్టింది. జూన్‌కల్లా 2,400 వాల్వులతో రెండో రకం కూడా వచ్చేసింది. యుద్ధమయ్యాక అలాంటి యంత్రమే కడతానని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ని అప్పడిగితే, అది పనిచేయదని ఇవ్వలేదట. ఆల్రెడీ కట్టానని చెప్పడానికి లేదు, అంతా రహస్యం. మా డిపార్టుమెంటులో ట్రాన్స్‌ఫర్ కాగితం కోసం తిరిగిన నాకు ఆ కడుపుమంట కొంచెం అర్థమవుతుంది.

షాపు సంగతికొస్తే, చేయి మంచిది, మాట మాత్రం నిలకడ లేదు. పది రోజులని అయిదు వారాలు తిప్పాడు. ఫోన్ ఎత్తడు. పద్దెనిమిది వందలు తీసుకుని, బిల్లడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. ముందే రేటు మాట్లాడుకోండి. సందులోకి ఆటో రాదు, సెట్టు బరువు, తోడుగా ఒక మనిషుంటే మేలు.

ఇప్పుడు పొద్దున్న ఆరింటికి వేస్తే భోజనాల దాకా ఆపను. మా ఆవిడ మీటరు చూస్తోంది. ముల్లు మాత్రం ఇంకా స్టేషన్‌కి రెండు గీతలు పక్కకి చూపిస్తోంది. ముల్లుని జరిపే దారం జారుతోందేమో, సోమవారం మళ్లీ మొయ్యాలి.