లిబ్‌సోడియం బేస్64: సి లో బైనరీని అక్షరాలుగా మార్చాలంటే ఇదే వాడండి, ఒక్క చిరాకు తప్ప

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో టెంపరేచర్ బోర్డులు పెట్టడం మా పని. లోపల ఇంటర్నెట్ సరిగా అందదు కాబట్టి రీడింగులన్నీ మామూలు ఎస్సెమ్మెస్‌లోనే వస్తాయి, అంటే బైనరీని (ముడి బైట్లను) అక్షరాలుగా మార్చక తప్పదు. ఆ పనికి మేం వాడేది లిబ్‌సోడియం, ఎన్‌క్రిప్షన్ పనుల కోసం సి భాషలో రాసిన లైబ్రరీ. హెక్స్‌లో అయితే బైటుకు రెండు అక్షరాలు, 160 అక్షరాల మెసేజ్‌లో 80 బైట్లే పడతాయి. బేస్64లో, అంటే 64 అక్షరాలతో రాసే పద్ధతిలో, 3 బైట్లకు 4 అక్షరాలు, కాబట్టి 120 పడతాయి. రీడింగుకు రెండు బైట్లు వేసుకుంటే 60 రీడింగులు.

ఇంతకు ముందు వాడిన లైబ్రరీ, పేరెందుకులెండి, డీకోడ్ చేసేటప్పుడు చివర ఉన్న సమానం గుర్తుల (డేటా మూడేసి బైట్లుగా సరిపోనప్పుడు ఖాళీ నింపే =) స్థానంలో సున్నా బైట్లు పెట్టి వాటిని కూడా పొడవులో కలిపేసేది. రెండు గుర్తులుంటే రెండు సున్నాలు, మా లెక్కలో అది సరిగ్గా ఒక రీడింగు, 0 డిగ్రీలు! అర్ధరాత్రి అలారం మోగి, ఓనరు ఫోన్ చేసి "ఏవండీ, సరుకు గడ్డకట్టిపోయిందా ఏంటి" అంటుంటే ఆ టెన్షన్ మాకు తెలుసు. లిబ్‌సోడియంలో ఆ గోల లేదు, అసలు డేటా ఎన్ని బైట్లో అన్నే చెప్తుంది. మోడెమ్ చివర తగిలించే కొత్త లైన్ గుర్తులను 'ఇగ్నోర్' అనే ఆర్గ్యుమెంట్‌లో రాసిస్తే వాటిని పట్టించుకోదు.

ఎన్‌కోడ్ చేసేటప్పుడు డేటా పొడవు మనమే ఇవ్వాలి. అదే మంచిది. 5.12 డిగ్రీలను మేం 512గా పెడతాం, బైట్లలో 02, 00. సి లో 00 అంటే స్ట్రింగ్ (అక్షరాల వరస) ముగింపు, కాబట్టి స్ట్రింగ్ అనుకుని పొడవు కొలిచే కోడైతే ఆ 00 దగ్గరే ఆగిపోతుంది, మిగతా రీడింగులు గల్లంతు.

చిరాకు ఏంటంటే, ఎన్‌కోడ్‌కి ఇచ్చిన బఫర్ (ఫలితం రాసే మెమరీ చోటు) చాలకపోతే ఎర్రర్ ఇవ్వకుండా ఏకంగా ప్రోగ్రామునే ఆపేస్తుంది. డీకోడ్‌లో మాత్రం మర్యాదగా -1 ఇస్తుంది, మరి ఇక్కడెందుకిలా అనిపిస్తుంది. సైజు చెప్పే ఎన్‌కోడెడ్ లెన్ మ్యాక్రో ఉంది, చివరి సున్నా బైటును కూడా అదే లెక్కేస్తుంది, వేళ్ల మీద లెక్కలు మానేసి అదే వాడండి. +, / వాడే ఒరిజినల్, వాటి బదులు -, _ వాడే యూఆర్ఎల్‌సేఫ్ రకాల్లో ఏది ఎంచుకున్నా రెండు వైపులా ఒకటే ఉండాలి.

చూడ్డానికి అర్థంకాని అక్షరాల్లా ఉంటుందని బేస్64 ఏదో రహస్య లిపి అనుకునేరు, ఎవరైనా క్షణంలో విప్పేస్తారు.

5కి 4 ఇస్తా. ఉచితం, ఐఎస్‌సీ లైసెన్సు. మావి లైనక్స్ బోర్డులు కాబట్టి సరిపోయింది, మీది చిన్న మైక్రోకంట్రోలర్ అయితే ఈ ఒక్క పని కోసం లైబ్రరీ అంతా తెచ్చుకోకండి, 64 అక్షరాల టేబుల్ పెట్టి సొంతంగా రాసుకోవచ్చు.