బెంగళూరు మిద్దె మీద కూరగాయలకు ఏది మేలు: పాలీషీటా, షేడ్‌నెట్టా, రెండూ కలిపా?

గ్రీన్‌హౌస్ అనగానే నాలుగు పక్కలా ప్లాస్టిక్ కప్పిన గది గుర్తొస్తుంది. అది చలిదేశాల అవసరం. బెంగళూరులో చలికాలపు రాత్రులు మామూలుగా 15-16 డిగ్రీల దగ్గరే ఆగుతాయి, టమాటాకు దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు. ఇక్కడ పంటను దెబ్బతీసేవి ఏప్రిల్ ఎండ, వేసవి వానల్లో వచ్చే వడగళ్లు, అక్టోబరు దాకా వదలని ముసురు. ఎంపిక వీటిని బట్టే ఉండాలి.

పాలీషీటుతో (పాలిథిన్ షీటు) పూర్తిగా మూసిన చోట ఎండ పడితే లోపల 10 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. బయట 28 అంటే లోపల 38. 35 దాటాక టమాటా, క్యాప్సికం పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. మొక్క మాత్రం పచ్చగా, ఏపుగా కనిపిస్తుంది, అదే మోసం! నారు పెంచే చిన్న పెట్టెకు తప్ప ఇది వద్దు.

షేడ్‌నెట్ అంటే నీడ కోసం కట్టే వల. చవక, గాలి ఆడుతుంది. కొత్తిమీర, పాలకూర, మెంతికి 50 శాతం నెట్, అంటే ఎండలో సగాన్ని ఆపేది, సరిపోతుంది. టమాటా, వంకాయలకు 35 శాతం చాలు, అదీ మార్చి నుంచి మే వరకే. గోంగూరకు అసలు అక్కర్లేదు, నీడలో కాడ సాగి ఆకు పల్చబడుతుంది. కానీ నెట్ వానను ఆపదు. ఆకు రోజంతా తడిగా ఉంటే టమాటాకు మాడు తెగులు ఖాయం.

అందుకే మా ఓటు మూడోదానికి: పైన పాలీషీటు, పక్కల నెట్. షీటు 200 మైక్రాన్ల (0.2 మి.మీ.) మందంది, యూవీ తట్టుకునేది అడిగి తీసుకోండి. మామూలు ప్లాస్టిక్ కవరు ఎండకు కొన్ని నెలల్లోనే పెళుసెక్కి పగిలిపోతుంది. 10 అడుగుల వెడల్పుకు ఒక పక్క 8 అడుగుల ఎత్తు, ఇంకో పక్క ఆరున్నర పెడితే నీరు జారిపోతుంది. వాలు లేక అంగుళం నీరు నిలిచిందా, 10×10 కప్పు మీద 230 కిలోల బరువు పడినట్టే. షీటు ముందుగా చిరిగేది జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) తగిలే చోటే, పైపు కాగి అక్కడ షీటును తినేస్తుంది. ఆ భాగాలకు తెల్లరంగు వేయండి, లేదా పాత గుడ్డ చుట్టండి.

స్లాబుకు డ్రిల్ వేయొద్దు, కింద గదిలో చెమ్మ దిగుతుంది. పైపు కాళ్లను 20 లీటర్ల బకెట్లలో కాంక్రీటు పోసి నిలబెట్టండి, ఒక్కోటి 48 కిలోల దాకా తూగుతుంది. అది కూడా చాలదు. నైరుతి గాలి కొట్టే పడమటి వైపు పిట్టగోడకు క్లాంపులు తప్పనిసరి.

చోటు చూసేటప్పుడు దక్షిణం గమనించండి. అటు 3 మీటర్ల మెట్ల గది ఉంటే డిసెంబరు మధ్యాహ్నం నీడ 2 మీటర్లకు పైగా పడుతుంది, ఉదయం ఇంకా పొడవు. జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి అప్పుడు చూసి నిర్ణయిస్తే చలికాలంలో దెబ్బతింటారు.

కప్పు వేశాక కొత్త పనులు వస్తాయి. వాన తగలక ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నటి పురుగు) పెరుగుతుంది, ఆకు అడుగున నీళ్లు కొడుతుండాలి. బోరునీళ్ల ఉప్పు మొక్కలు పెంచే బ్యాగుల పైన తెల్లగా పేరుకుంటుంది, కప్పు నుంచి డ్రమ్ములో పట్టిన వాన నీటితో నెలకోసారి అడుగు నుంచి కారేదాకా పోయండి. తెల్లదోమ రాకుండా పక్కల 40 మెష్ నెట్ (అంగుళానికి 40 కన్నాలున్న సన్న వల) కడితే తేనెటీగలూ రావు, అప్పుడు పుప్పొడి అంటించే పని మనదే. టమాటా పూగుత్తులను ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య వేలితో తట్టితే సరి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు అద్దాలి. అంత ఓపిక లేకుంటే ఆ తీగలను బయట పందిరికి వదిలేయండి.

చెన్నైలో అయితే లెక్క వేరు. మే ఎండ 40 దాకా పోయే ఊళ్లో పాలీషీటు జోలికి పోవద్దు, 50 శాతం నెట్ చాలు. దాన్ని కూడా ముడులేసి బిగించకుండా కొక్కేలకు తగిలించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరిక రాగానే విప్పి చుట్టేయడానికి వీలుండాలి.