పిల్లల ఫిట్‌నెస్ బ్యాండ్: మూడు నెలల వాడకం తర్వాత

పదేళ్ల మా అబ్బాయి ఎత్తుకు మించిన బరువున్నాడని పిల్లల వైద్యురాలు చెప్పిన వారానికే, పిల్లల కోసం ప్రత్యేకంగా తయారుచేశామని చెప్పుకునే ఒక ఫిట్‌నెస్ బ్యాండ్ కొన్నాము. చేతికి కట్టుకునే పట్టీ, మన ఫోన్‌లో వేసుకునే యాప్ కలిసి అడుగులను, నిద్రను, తిండిని నమోదు చేస్తాయి.

పట్టీ నాణ్యత గురించి ఫిర్యాదు లేదు. నీళ్లలో తడిసినా పాడవలేదు, చర్మం ఒరుసుకుపోలేదు, ఒకసారి ఛార్జి చేస్తే ఐదు రోజులు వస్తుంది. అయితే ఇది చేతి కదలికను బట్టి అడుగులను అంచనా కడుతుంది కాబట్టి, అరగంట చెమటోడ్చి సైకిలు తొక్కినా దాదాపు ఏమీ లెక్కకు రాదు. కూర్చున్నచోట చెయ్యి ఊపితే మాత్రం వస్తుంది. ఈ కిటుకు మావాడు రెండో వారానికే కనిపెట్టాడు. ఒక రాత్రి గదిలోకి వెళ్లి చూస్తే, ఒక చేత్తో బొమ్మల పుస్తకం పట్టుకుని, రెండో చేతిని విసనకర్రలా ఊపుతూ మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆ రోజు లెక్కకు ఇంకా 400 అడుగులు తక్కువయ్యాయట.

యాప్ పెట్టిన లక్ష్యం రోజుకు 10,000 అడుగులు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్పోకెయ్’ అనే అడుగుల మీటరుతో ప్రచారమైన సంఖ్య అది. ఆ పేరుకే పదివేల అడుగుల మీటరు అని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పిల్లలకు అడుగులు నిర్దేశించలేదు. 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా కదలాలని, కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే ఆటలు వారంలో కనీసం 3 రోజులు ఉండాలని అవి చెబుతాయి. యాప్‌లో ఈ నిమిషాల లెక్క లేకపోలేదు గానీ, వెతికి పట్టుకోవాలి.

లక్ష్యం చేరితే నాణేలు, నాణేలతో తెరమీది బొమ్మకు కొత్త చొక్కాలు వస్తాయి. మొదటి నెల వాడి ఉత్సాహం చూసి మేమూ మురిసిపోయాము. ఒక సాయంత్రం బ్యాటరీ అయిపోయింది, స్నేహితులు కింద నుంచి పిలుస్తున్నా, "లెక్కలోకి రాని ఆట ఎందుకమ్మా?" అన్నాడు. ఇష్టంగా బొమ్మలు గీసే పిల్లలకు ముందే బహుమతి ఆశ చూపి గీయిస్తే, ఆ తర్వాత తమంతట తాముగా గీయడం తగ్గిందని అమెరికా మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్ బృందం 1973లోనే చూపింది. నాకది అంతవరకు చదివిన సంగతి మాత్రమే.

అన్నిటికన్నా పెద్ద లోపం బరువు విభాగంలో ఉంది. మావాడి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చూపే సంఖ్య) 23 అని చూపి, పక్కనే ఆకుపచ్చ రంగులో ‘సాధారణం’ అని రాసింది. అంటే పెద్దలకు వాడే 25 అనే గీతనే పిల్లలకూ పెట్టేశారు. పిల్లలకు వయసు, ఆడా మగా అన్నదాన్ని బట్టి గీతలు మారతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం పదేళ్ల అబ్బాయికి సుమారు 21.4 దాటితే ఊబకాయమే. వైద్యురాలి మాట లేకపోతే ఆ ఆకుపచ్చ రంగును చూసి నిశ్చింతగా ఉండేవాళ్లం. కంపెనీకి రెండుసార్లు రాస్తే, యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకోమని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది.

తిండి విభాగం ప్రతి పదార్థానికీ ఎరుపో, పసుపో, పచ్చో అంటిస్తుంది. పదిహేను రోజుల్లో మావాడు ‘ఎరుపు’వి దాచుకుని తినడం మొదలుపెట్టాడు. ఎదిగే పిల్లవాడికి చాలాసార్లు బరువు తగ్గక్కర్లేదని, ఎత్తు పెరుగుతుండగా ఉన్న బరువు నిలిస్తే చాలని వైద్యురాలు వివరించాక ఆ విభాగాన్ని పూర్తిగా ఆపేశాము. ఏం వండాలో, ఎప్పుడు వడ్డించాలో మా పని. ఎంత తినాలో వాడి ఇష్టం.

నాణేలు, లక్ష్యం కూడా ఆపేసి, ఇప్పుడు నిద్రవేళ గుర్తుచేసే కంపనం ఒక్కటే వాడుతున్నాము. అది నిజంగా పనికొస్తోంది. సాయంత్రాలు ముగ్గురం కలిసి నడుస్తున్నాము, పట్టీ సాధారణంగా ఇంట్లోనే ఉంటోంది. అయిదుకు రెండు నక్షత్రాలు ఇస్తున్నాను. బీఎంఐ పట్టికను సరిచేస్తే మూడు చేస్తాను.